మూసేసిన కిటికీ

మా ఆయన గజేందర్‌తో వేగడం కష్టం. కంపెనీలో ఆయన డ్యూటీ, కొత్తగా కట్టిన గోడల్లో తప్పులు వెతికి ఎర్ర టేపు ముక్కలు అంటించడం. ఇంట్లోనూ అదే వరస. పోయిన వారం నా చపాతీల డబ్బాకు అంటించారు.

ఈసారి మా అమ్మాయి శ్రీనిధి అట్టతో చేసిన భవనం మీద పడ్డారు. జార్జియన్ కాలంలో, అంటే రెండు వందల యాభై ఏళ్ల కిందట, లండన్‌లో కట్టిన బ్యాంకు నమూనా అది. మర్నాడే, మేముండే ఈ అరబ్బు దేశంలో, అబూ హమూర్‌లోని వాళ్ల స్కూల్లో చూపించాలి. మధ్యలో తలుపు, ఇటూ అటూ సరిసమానంగా కిటికీలు. పై అంతస్తులో ఒక కిటికీని మాత్రం ఇటుకలు గీసిన అట్టతో మూసేసింది.

"ఇది తెరుసుడు మర్సిపోయినవ్ బిడ్డా," అంటూ ఆయన కత్తితో ఆ అట్ట కోసేశారు.

శ్రీనిధి ఏడుస్తుందనుకున్నాను. అది నెమ్మదిగా పైకప్పు ఎత్తింది.

"లోపల చూడు డాడీ."

కోసిన కిటికీ వెనకే పొగగొట్టం ఉంది.

"అక్కడ నిజం కిటికీ పెడితే పొగంతా బయటికొస్తది. అసలే పెట్టకుంటే రెండు పక్కలు ఒక్కతీరు ఉండయి. అందుకే అప్పట్ల ఉత్తుత్తి కిటికీ కట్టి మూసేటోళ్లు."

"డ్రాయింగ్‌ల ఉన్నదా?" అన్నారాయన.

"కోసే ముందు మీరు చూసిండ్రా?" అన్నాను నేను, ఎర్ర టేపు చుట్ట ఆయన చేతిలో పెడుతూ. "యల్లా, కానియ్యుండ్రి, తప్పు ఎక్కడుంటే అక్కడ అంటించుండ్రి."

ఆయన ఒక ముక్క తుంచి తన చొక్కా జేబుకు అంటించుకున్నారు.

"తప్పు నాదే బిడ్డా. జిగురు ఇటియ్యి."