ఖాళీగా కనిపించే రెండు కోర్లు

“కాస్త ఆ గిన్నెల చప్పుడు తగ్గిస్తావా? ఇక్కడ మనిషి పనిచేసుకుంటున్నాడు.”

మూసిన తలుపు వెనక నుంచి భర్త అన్నాడు. ఆమె కుళాయి కట్టేసింది. చేతులనిండా సబ్బు నురగ, ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఆ ఇయర్‌ఫోనులో ఆఫీసు మీటింగు. ఈ ఇంట్లో పనిచేసుకుంటున్న మనుషులు ఇద్దరన్న సంగతి ఆ తలుపు వెనకాయనకి ఎన్నడూ తట్టలేదు. ఆయన వంతెనల డిజైనరు. ధ్యాస ఒకసారి తెగితే లెక్కంతా మళ్ళీ మొదటికొస్తుందట. పెళ్ళైన కొత్తలోనే చెప్పాడు, “నా పని ఏకబిగిన సాగాలి. నీదలా కాదుగా, మధ్యమధ్యలో లేచినా నడుస్తుంది” అని. అందుకని ఆయనకి గది, గదికి తలుపు, తలుపుకి గడియ. ఆమెకి వంటింటి గుమ్మం దగ్గర భోజనాల బల్ల. ఆ బల్లని దాటకుండా ఇంట్లో ఎవరూ ఎటూ వెళ్ళలేరు. దాటేవాళ్ళు ఊరికే దాటరు. అత్తగారికి కళ్ళజోడు కనపడదు, కూతురికి రెండో సాక్సు దొరకదు, పైపు బాగుచేయడానికొచ్చినవాడు కూడా ఆ గది తలుపు చూసి వెనక్కి తిరిగి, ఆమె లాప్‌టాప్ మీద నీడ పడేలా నిలబడి “అమ్మా, మెయిన్ వాల్వు ఎక్కడుందండీ” అంటాడు. మగాడి తలుపు తట్టకూడదని వాడికెవరు నేర్పారో.

చెవిలో మేనేజరు మాట్లాడుతున్నాడు. “ఆ రెండు కోర్లూ ఖాళీగా పడున్నాయి కదమ్మా. వాటిని కూడా లాగేస్తే మన నంబరు ఎక్కడికో పోతుంది.”

వాళ్ళ కంపెనీ తయారుచేసేది ఒక పెట్టె. ఫోను కంపెనీల మెషీన్ హాళ్ళలో కూర్చుని, లక్షల మంది మాటల్నీ బొమ్మల్నీ చిన్న చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, ఇటు తీసుకుని అటు పంపుతుంది. సెకనుకి ఎన్ని పంపిందన్నదే మేనేజరు చెప్పే నంబరు. మామూలు కంప్యూటరైతే ఒక్కో ప్యాకెట్ రాగానే గంట మోగుతుంది, చేస్తున్న పని వదిలి లేచి వెళ్ళి తలుపు తీస్తుంది. లక్షల గంటలు మోగే చోట లేచి కూర్చోవడానికే పొద్దు చాలదు. అందుకని ఈ పెట్టెలో గంట ఉండదు. దాని మెదడైన ప్రాసెసరులో పని పంచుకునే పదహారు కోర్లలో పద్నాలుగు కాపలాదారుల్లా కన్నార్పకుండా గుమ్మం వైపే చూస్తూ ఉంటాయి. ఎవరూ రాకపోయినా చూస్తూనే ఉంటాయి. వాటికి ఇంకే పనీ చెప్పకూడదు, పక్కకి పిలవకూడదు. మరి మిగతావి ఎవరు చేయాలి? గడియారం సరిచూడాలి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలి, వాడేసిన మెమరీని ఏరుకొచ్చి మళ్ళీ పనికొచ్చేలా చేయాలి, బయటినుంచి ఎవరైనా లాగిన్ అవుతామంటే పలకాలి. ఇవి చేసినందుకు ఏ కంప్యూటరునీ ఎవరూ మెచ్చుకోరు. చేయకపోతే మాత్రం తెలుస్తుంది. ఈ చాకిరీ అంతా ఆమె రెండు కోర్లకి అప్పజెప్పింది. కాపలాదారుల్ని కదపకుండా, చాకిరీ ఆగకుండా, ఎటూ తూకం చెడకుండా చూడటమే రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం. ఏ కోరు ఎంత పనిచేస్తోందో చూపే గ్రాఫులో పద్నాలుగు గీతలు తలెత్తుకుని పైఅంచున నిలబడి ఉంటాయి. ఈ రెండూ మాత్రం అడుగున లేస్తూ పడుతూ కనిపిస్తాయి.

“వాళ్ళంతా అక్కడ చెమటోడుస్తుంటే వీళ్ళిద్దరూ ఇంట్లో ఆడవాళ్ళలా కాళ్ళు చాపుకు కూర్చున్నారు సార్,” అన్నాడు ఆఫీసులో అందరూ రాకెట్ అని పిలిచే కుర్ర ఇంజనీరు. అందరూ నవ్వారు. నవ్వాక ఎవరికో ఆమె కూడా లైన్లో ఉందని గుర్తొచ్చినట్టుంది, ఎవడో దగ్గాడు. “అక్కా, మిమ్మల్ని కాదులెండి,” అన్నాడు రాకెట్.

ఆమె మోచేత్తో మ్యూట్ తీసింది. “అవి ఖాళీగా లేవు. పని వచ్చినప్పుడు చేసి తప్పుకుంటున్నాయి. వాటినీ కాపలాకి లాగేస్తే ఓ పూట బాగానే ఉంటుంది, తర్వాత పెట్టెకి చూపూ ఉండదు, వినికిడీ ఉండదు.”

“ఎంతసేపటికి?”

“అది చెప్పలేను.”

“చెప్పలేనంటే ఎలాగమ్మా. నువ్వు ప్రతిదానికీ జంకుతావు,” అన్నాడు మేనేజరు. “కస్టమరు దగ్గర జరిగే పరీక్షలో నంబరు ఎవరు తెస్తే రెండో దశకి వాళ్ళే లీడు. రాకెట్, నువ్వు కానీ.”

ఆ లీడు తనదేనని ఆమె ఈ రెండేళ్ళూ అనుకుంటూ వచ్చింది. పెట్టెని పుట్టిన దగ్గర్నుంచీ సాకింది తను. మ్యూట్ పెట్టి మిగిలిన గిన్నెలు చప్పుడు కాకుండా తోమింది. చప్పుడు కాకుండా తోమడం కూడా ఒక విద్యే. దానికి సర్టిఫికెట్ ఇచ్చేవాడు లేడు.

పరీక్ష రోజున ఆమెని రమ్మనలేదు. “అంత దూరం నీకెందుకమ్మా శ్రమ, ఇంటి దగ్గరే అందుబాటులో ఉండు చాలు,” అన్నాడు మేనేజరు. అందుబాటులో! ఆ మాట వింటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. కళ్ళజోడుకి అందుబాటులో, సాక్సుకి అందుబాటులో, వాల్వుకి అందుబాటులో. బాత్రూములో తలుపేసుకున్నా “అమ్మాయ్, లోపలున్నావా” అన్న పలకరింపుకి అందుబాటులో. చెయ్యి చాపితే అందేలా అరలో పెట్టిన వస్తువుకీ తనకీ తేడా ఏమిటో ఎవరైనా చెబితే వినాలనుంది. పొద్దున్నే గ్రూపులో సంబరం మొదలైంది. నంబరు ఎవరూ ఊహించనంత వచ్చింది, రాకెట్ బొమ్మకి కిరీటం పెట్టి పంపుకున్నారు. మధ్యాహ్నం కాకముందే ఫోను మోగింది.

“అక్కా, పెట్టె పలకట్లేదు. ప్యాకెట్లు దాటుతున్నాయి గానీ లాగిన్ అవ్వనివ్వదు. గడియారం వెనకబడిపోయింది. మెమరీ నిండిపోయి దానంతటదే పడి లేచింది. మళ్ళీ మొదలెడితే మళ్ళీ అంతే. కస్టమరు వాళ్ళు సాయంత్రం దాకా చూస్తామన్నారు.”

“రెండు కోర్లూ తీసేస్తే తీసేశావు. ఆ అయిదు పాళ్ళయినా ఉంచావా?”

ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాళ్ళకి మనుషుల ఆశ సంగతి ముందే తెలుసు. కాపలా పని ఒక కోరునంతా తనకే రాసేసుకున్నా, వందలో అయిదు పాళ్ళ సమయం ఇంటి చాకిరీకి వదిలి తీరాలని లోపల ఒక కట్టడి పెట్టారు. ఒక్క పంక్తి సెట్టింగు.

“అదీ తీసేశానక్కా. నంబరు కోసం.”

ఆమెకి నవ్వు రాబోయి ఆగింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, ఏ దేశంలో కూర్చునో, ఒక యంత్రం మీద జాలిపడి ఆ అయిదు పాళ్ళు రాసిపెట్టాడు. ఆమె సంసారంలో అలాంటి పంక్తి రాసినవాడు లేడు. ఈ ఇంట్లో ఆమెకంటూ మిగిలే ఘడియ ఏది? పళ్ళు తోముకునేటప్పుడు కూడా గ్యాసువాడు వచ్చాడేమో చూడమంటారు.

“సరే, నేను చెప్పినట్టు టైపు చెయ్యి,” అని మొదలుపెట్టింది. మొదటి కమాండు సగంలో అత్తగారు వచ్చి టీవీలో బొమ్మ రావట్లేదంది. చూసి వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. స్కూలు సెలవని ఇంట్లో ఉన్న కూతురు “అమ్మా, జిగురు ఒలికిపోయింది” అంటూ అంటుకున్న వేళ్ళు పైకెత్తి చూపించింది. మూడోసారి ఏ పంక్తి దగ్గర ఆగిందో తనకే గుర్తురాలేదు. తలుపు వెనక నుంచి భర్త, “ఆ ఫోనేదో బయటికెళ్ళి మాట్లాడు, నా మీటింగులో వినిపిస్తోంది,” అన్నాడు. ఫోనులో రాకెట్ చిరాగ్గా నిట్టూర్చాడు. “అక్కా, ముందు ఇంట్లో పని చూసుకోండి. తీరిగ్గా ఉన్నప్పుడు చెబుదురుగాని.”

ఆమె కూతురి చేతులు కడిగి తుడిచింది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. తలుపు తట్టలేదు, తోసింది.

“పరీక్ష జరిగే చోటికి వెళ్తున్నాను. పిల్లా అత్తయ్యగారూ మీ దగ్గరుంటారు.”

“ఇప్పుడా? నాకు మీటింగుంది.”

“కనిపిస్తోంది,” అని బయటికి వచ్చేసింది. వెనక ఆయన ఇంకేదో అంటున్నాడు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడుకి అది వినపడలేదు.

కస్టమరు మెషీన్ హాలు బయట గార్డు ఆమె ఫోను తీసుకుని ఇనప అరలో పెట్టి తాళం చేతికిచ్చాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళకూడదట. “అర్జెంటు కాల్ వస్తే?” అని అలవాటు కొద్దీ అడిగింది. “ఎవరికొచ్చినా అంతేనండి,” అన్నాడు. లోపల చలి, ఫ్యాన్ల హోరు, వరసగా నిలబెట్టిన ఇనప బీరువాలు. రాకెట్ కుర్చీ ఇచ్చి, వెనకే నిలబడి ఏదో చెప్పబోయాడు. “అవతల కూర్చో నాయనా,” అంది. వెళ్ళి కూర్చున్నాడు.

రెండు కోర్లూ, ఆ అయిదు పాళ్ళూ వెనక్కి ఇవ్వడం ఎంతసేపు. పెట్టె పలికింది, గడియారం సర్దుకుంది. కానీ నంబరు పడిపోయింది, కస్టమరు అడిగిన దానికి కొంచెం తక్కువలో ఆగింది. మేనేజరు మొహం వేలాడేసి, “నంబరు రాకపోతే ఇదంతా ఎందుకమ్మా,” అన్నాడు. ఆమె తెర మీది గీతల్ని చూస్తూ కూర్చుంది. ఎవరూ పిలవలేదు. కొంతసేపయ్యాక ఎవరూ పిలవడం లేదన్న సంగతి గమనించి ఉలిక్కిపడింది, ఇంట్లో ఏదో మాడుతున్నట్టు. అప్పుడు మళ్ళీ తెర మీదకి చూపు మళ్ళించి, ఒక ఆలోచనని కొసదాకా పట్టుకుని వెళ్ళింది. అది తెగలేదు. దాని వెనక ఇంకొకటి వచ్చింది. అదీ తెగలేదు. అప్పుడు కనిపించింది. ఆ ప్రాసెసరులో రెండేసి కోర్లు ఒకే ఒంటిని పంచుకుంటాయి. ఒకటి ఆయాసపడితే రెండోదానికి ఊపిరి తగ్గుతుంది. చాకిరీ చేసే కోర్లని ఆమె రెండు వేరువేరు కాపలాదారుల పక్కలో పెట్టింది. ఇవి కదిలినప్పుడల్లా అవి తడబడుతున్నాయి. ఈ రెండింటినీ ఒకే ఒంటికి చేరిస్తే వాటి తిప్పలు అవి పడతాయి, కాపలాదారులెవరికీ సెగ తగలదు. రెండేళ్ళ కింద వాటిని అలా పెట్టిన పంక్తి రాసింది తనే. మొదటిరోజు చదువుకునే పిల్లలకి తెలిసిన విషయం తనెలా మరిచిపోయింది? ఇంకెలా! ఆ పంక్తి సగంలో ఎవరో ఏదో అడిగి ఉంటారు, లేచి ఇచ్చి వచ్చి ఉంటుంది.

ఆ పంక్తి మార్చి పరీక్ష మళ్ళీ నడిపింది. నంబరు ఎక్కింది, అడిగినదాన్ని దాటింది, అక్కడే నిలబడింది. గడియారం నడుస్తోంది, లాగిన్ అడిగితే పలుకుతోంది. ఆమెకి సంతోషం రాలేదు. కోపం అరికాళ్ళనుంచి నెత్తికెక్కింది. ఇన్నేళ్ళూ తన బుర్ర మొద్దుబారిందనుకుంది. పిల్ల పుట్టాక మునుపటి చురుకు పోయిందని తనే నలుగురి ముందూ చెప్పుకుని నవ్వింది, సిగ్గులేకుండా. బుర్రకేమీ కాలేదు. దాన్ని ముక్కలు కోసి ఇంటిల్లిపాదీ తలా కాస్త వాడుకున్నారు. ఆఫీసు వాళ్ళు మిగిలిన ముక్క తీసుకుని, ఇదేమిటి ఇంతే ఉంది అన్నారు. ఇలా గంటలకి గంటలు కూర్చునే అదృష్టం ఆ తలుపు వెనకాయనకి రోజూ ఉంది. అది ఎంత తియ్యనిదో ఆయనకి తెలుసు. తెలిసే గడియ పెట్టుకున్నాడు.

కస్టమరు వాళ్ళు సంతకం పెట్టి వెళ్ళారు. బయట నడవాలో, ఇనప అరల దగ్గర, మేనేజరు ఆమెని పక్కకి పిలిచాడు.

“నువ్వు లేకపోతే పరువు పోయేదమ్మా. రెండో దశలో కూడా ఇలాగే వెనక నుంచి కాచుకోవాలి. రాకెట్ లీడు చేస్తాడు, నువ్వు ఇంటి నుంచే చూసుకో. నీకూ సౌకర్యం.”

“నంబరు తెచ్చింది నేను. లీడు నేను చేస్తాను.”

“కాదనట్లేదు. కానీ అది రోజూ ఇక్కడికొచ్చి చేయాల్సిన పని. ఇంట్లో పెద్దావిడ, చిన్నపిల్ల... కుర్రాడు కూడా ఆశపెట్టుకున్నాడు, ఇప్పుడు వాడికేం చెప్పను? పోనీ, మీవారిని ఓ మాట అడిగి చెప్పు.”

అరలో ఫోను మోగుతోంది. ఆమె తాళం తీసి అందుకుంది.

“ఎక్కడున్నావు? ఎన్నిసార్లు చేశానో తెలుసా?” భర్త గొంతు నడవాలో అవతలివాళ్ళకి కూడా వినిపిస్తోంది. “అమ్మ మాత్రలు ఏది ఎప్పుడు వేయాలో నాకెలా తెలుస్తుంది?”

“ఆవిడ మీ పక్క గదిలోనే ఉన్నారు. అడగండి. ఆవిడకన్నీ తెలుసు.”

ఆ సంగతి ఆయనకి నిజంగానే తోచలేదు.

“నువ్వు వెళ్ళిందగ్గర్నుంచీ ఒక్క గీత గీయనివ్వలేదు వీళ్ళు. పిల్ల ఒకటే పిలుపు. నా రోజంతా నాశనమైంది.”

“రేపూ అంతే ఉంటుంది. ఈ పనికి నేనే లీడు. రోజూ ఇక్కడికి వస్తాను, లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. పొద్దున నేను చూస్తాను, సాయంత్రం దాకా మీరు చూడండి. మీవల్ల కాదనుకుంటే మనిషిని పెట్టుకుందాం, ఆ మనిషిని వెతకడం మీ పని.”

“అదేమిటి, నన్నొక్క మాట అడగకుండా...”

ఆమె ఫోను కట్టేసి మేనేజరు వైపు తిరిగింది.

“మా ఆయనకి చెప్పడం అయిపోయిందండి. ఇక మీరు వెళ్ళి రాకెట్‌కి చెప్పండి.”