వజ్రం పుట్టింటి రాయి

నేను ఒక రాయిని. కొబ్బరికాయంత ఉండేవాణ్ణి. ఆకుపచ్చని ఒళ్ళు, దానిమీద ఎర్రటి చుక్కలు. వజ్రాన్ని మాత్రం కాను. ఈ మాట ముందే చెప్పడం మంచిది. తొలకరి వాన మట్టిని కడగ్గానే వజ్రాలు బయటపడతాయని, మా ప్రాంతంలో జనం నేలను చూసే చూపే మారిపోతుంది.

నేను పుట్టింది మీ కాళ్ళకింద నూటయాభై కిలోమీటర్ల లోతున. భూమి నడిమధ్య గట్టి ఇనుపముద్ద, దానిచుట్టూ కరిగిన ఇనుము, ఆపైన చాలా మందంగా రాతిపొర. ఆ పొరంతా కరిగి ఉడుకుతోందని చాలామంది అనుకుంటారు. అది గట్టిదే. కానీ ఆ వేడికి, యుగాల తరబడి, ముదురు పాకంలా మెల్లగా సాగుతుంది. అన్నిటికన్నా పైన, మీరు ఇళ్ళు కట్టుకున్నది పాలమీద మీగడంత పెంకు. ఆ పెంకూ, దాని అడుగున అంటుకున్న రాయీ కలిసి పెద్ద పెద్ద పలకలుగా కదులుతుంటాయి. నేనున్నది మన పలక అడుగున.

వంద కోట్ల ఏళ్ళ కిందట లోపలి నుంచి కరిగిన రాయి ఒకటి గంజిపొంగులా పైకి తన్నుకొచ్చింది. వస్తూ వస్తూ దారిలో ఉన్న వజ్రాలనూ, వాటి పక్కనున్న నన్నూ ఊడబెరుక్కొచ్చింది. ఆ తర్వాత నేను కూర్చున్న చోటే కూర్చున్నాను, నేలే నడిచింది. ఆఫ్రికా పక్కనుంచి విడిపోయి, సముద్రం దాటి, ఆసియాను గుద్దుకుని హిమాలయాలను లేపింది. ఇప్పటికీ గోరు పెరిగేంత వేగంతో తోస్తూనే ఉంది.

ఇన్ని చూసినవాడిని, ఒక తొలకరినాడు రైతు మద్దిలేటి కంటపడ్డాను.

వాన వెలిసి ఎండ కాస్తోంది. వేరుశనగ విత్తాలి. బాడుగకు తెచ్చిన ఎద్దులు, విత్తనాలు వేసే గొర్రు గట్టున ఉన్నాయి. అతను మాత్రం నడుం వంచి సొంత చేలోనే వజ్రాలు వెతుకుతున్నాడు.

"నేల పదును ఆరిపోతాంది. ఎద్దులు రేపు ఇంగొకరి సేనికి పోతాయి. గొర్రు కట్టు," అంది భార్య ఉరుకుందమ్మ, విత్తనాల గంప దించకుండానే.

"ఉండుమే! ఇది సూడు ఎంత బరువుందో. కడుపులో వజ్రముంటాది."

పక్క చేలో విద్యార్థులకు నేల చూపిస్తున్న కాలేజీ మేడంకు నన్ను చూపించాడు. ఆమె భూతద్దం పెట్టి తిప్పితిప్పి చూసింది.

"ఇందులో వజ్రం లేదండీ. కానీ వజ్రం ఎక్కడ పుట్టిందో ఇదీ అక్కడినుంచే వచ్చింది."

ఉరుకుందమ్మ పకపకా నవ్వింది. "పుట్టింటోళ్ళు దిగినారు గానీ పెండ్లికూతురు రాలేదన్నమాట!"

మద్దిలేటికి నవ్వు రాలేదు. పగలకొట్టి చూడందే నమ్మనన్నాడు. ఇంటికి పోయి సమ్మెట తెచ్చాడు. అంత లోతున నలగని నేను సమ్మెటకు ఒక పట్టాన లొంగలేదు. నేను రెండయ్యేసరికి పొద్దు వాలింది. లోపల కూడా అవే ఎర్రచుక్కలు. ఒక సగాన్ని మేడం కాలేజీ అద్దాల బీరువాకు పట్టుకుపోయింది. రెండో సగాన్ని, అంటే నన్ను, ఉరుకుందమ్మ గొర్రు లోతుగా దిగాలని బరువుకోసం దానిమీద పెట్టింది.

"పుట్టింటోళ్ళను ఊరికే కూర్చోబెట్టి మేపుతామా? ఊఁ, తోలు!"

చీకటి పడేదాకా విత్తారు. చేను పడమటి చెక్కకు వచ్చేసరికి పదును ఆరి మట్టి పొడిపొడిగా రాలుతోంది.

కొన్నాళ్ళకు చేనంతా కదిలింది. ఎండకు గట్టిపడిన పైమట్టిని మొలకలు కిందినుంచి నెట్టాయి. మట్టి పెచ్చులు పలకలుగా విడిపోయి, ఒకదానిమీదికొకటి ఒరిగి పైకి లేచాయి. కోట్ల ఏళ్ళు పట్టే పని ఆ మొలకలకు రెండు పూటల్లో అయింది.

పడమటి చెక్క మాత్రం లేవలేదు. ఉరుకుందమ్మ నన్ను తెచ్చి ఆ బోడినేల మధ్యలో పెట్టింది.

"ఇదో, నీ వజ్రం పండిన కాడ."



మరుసటి తొలకరికి మద్దిలేటి తెల్లవారకముందే గొర్రు కట్టాడు. బరువుకు నన్నే పెట్టుకున్నాడు. ఒక్క సాలూ వంకరపోలేదు, ఎక్కడా ఆగలేదు. కళ్ళు మాత్రం ఎద్దుల మీద లేవు, ఎక్కడ మెరుస్తుందోనని నేలమీదే ఉన్నాయి.