ఒక్క అక్షరం పట్టే చోటు

మెంగియా కంప్యూటర్ తెరమీద పాత పత్రం బొమ్మను ఇంకాస్త పెద్దది చేసింది. తోలుపత్రం మీద సిరా వెలిసిపోయి ఎండుటాకు రంగుకు తిరిగింది. ఒక లాటిన్ మాటకు మొదట ఎల్, ఎ, బి. చివర టి, యు, ఆర్. నడుమ నీటిమరక.

తెలిసిన అక్షరాలు కొట్టి, తెలియని చోట చుక్క పెట్టింది. అలా ఇస్తే సరిపడే లాటిన్ మాటలన్నీ వెతికి చూపించే సాధనం అది. అది రాకముందు ఇరవై ఏళ్లు లావుపాటి నిఘంటువులు తిరగేసి తిరగేసి ఆమె కుడిభుజం కాస్త కిందికి వాలిపోయింది. ఈ లోయ పత్రాగారంలో ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగం. పుస్తకాల ముందుమాటల్లో ఆమె ‘కార్యాలయ సిబ్బంది’ మాత్రమే. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి రొట్టె, జున్ను తింటుంది. ఇవాళ తినలేదు. బయట ఐదు రోజులుగా వాన.

జాబితా వచ్చింది. లాబొరాతుర్: దున్నుతున్నారు. లాబితుర్: జారుతోంది.

వందేళ్ల కిందట ఒక ఫాదరీ ఈ పత్రాన్ని అచ్చువేస్తూ ‘ఆ నేలను ఏటా దున్నుతున్నారు’ అని చదివాడు. మంచి నేలేనన్న ధీమాతో సుర్‌ప్లౌన్ వాలు మీద ఇళ్లు లేచాయి. మెంగియా తమ్ముడు ప్లాచీ ఇల్లూ, ఆవుల కొట్టమూ అక్కడే.

ఆమె మరకను కొలిచింది. ఒక్క అక్షరానికే చోటుంది; లాబొరాతుర్ అయితే మూడు పట్టాలి. కింది పంక్తిలో, అప్పట్లో అక్కడుండే సన్యాసినులు ఆ నేల వదిలి ఏరు దాటి వెళ్లిపోయారని ఉంది. దున్నుకునే నేలను ఎవరు వదిలేస్తారు?

పై అధికారి లూట్సీ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

“సాధనం సవాలక్ష చూపిస్తుంది మెంగియా గారూ. తొందరేముంది? సోమవారం చూద్దాం.”

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఏంటక్కా, ఎప్పుడో చచ్చిన సన్యాసినులొచ్చి నా ఆవుల్ని తోల్తారా ఇప్పుడు?”

“కొట్టం గోడ బీటిచ్చిందన్నావు కదరా పోయినవారం?”

“సున్నం కొట్టాగా.”

“ఇప్పుడెలా ఉంది?”

“చెయ్యి దూరుతోంది.”

ఉద్యోగంలో మొదటిసారి ఆమె సగంపూట సెలవు పెట్టి బస్సెక్కింది.

మూడింటికి సుర్‌ప్లౌన్‌లో దిగింది. వాన కురుస్తూనే ఉంది గాని, దారి పక్క వాగులో చప్పుడు లేదు. తొంగిచూసింది. రాళ్ల మధ్య కాసిని బురదనీళ్లు. పైనుంచి రావలసిన నీరంతా నేలలోకే పోతోందన్నమాట.

తమ్ముడికి వాగు చూపించింది. అతను ఇక వాదించలేదు. మరదలు ఓన్నా ముందు నడిచింది, వెనక పదకొండు ఆవులు, వాటి వెనక ప్లాచీ.

“రా అక్కా!”

“దూడొకటి లోపలుండిపోయింది. తోలుకొస్తా. నువ్వు ఆగకు, పో!”

వాళ్లు వంతెన దాటారు. వెనక చెట్లు విరుగుతున్న చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ప్లాచీ తిరిగి చూశాడు. కొట్టం లేదు, ఇల్లు లేదు, దారి లేదు. తడిమట్టి మెల్లగా కదులుతోంది.

“అక్కా!” అన్నాడు, ఆమె పక్కనే ఉన్నట్టు నెమ్మదిగా.

సోమవారం లూట్సీ ఆమె గది తలుపు తీశాడు. కొక్కేనికి ఆమె వదిలి వెళ్లిన నీలం గొడుగు వేలాడుతోంది. దాని నుంచి కారిన నీళ్లు ఎప్పుడో ఆరిపోయి, కింద చెక్కమీద గుండ్రంగా తెల్లటి మచ్చ కట్టింది.