వేలంపాటలో సెరాఫీన కన్ను

చేపల విషయంలో నేను ఒక్క అంగుళం కూడా పెంచి చెప్పను. కావాలంటే మా కొల్లం రేవులో ఎవరినైనా అడగండి.

చేపలమ్మే సెరాఫీనకు ఏడేళ్లపాటు ఎడమ చెంప అదిరింది. కన్ను దానంతటది మూసుకునేది, మూతి ఒక పక్కకు లాగేది. మా రేవులో పక్కవాడికి తెలియకుండా కన్ను గీటితే పాట పెంచినట్టు. అడగని చేపలన్నీ ఆమె నెత్తిన పడుతుంటే, పాట నడిపే బర్నాబాస్ చివరికి ఆమె కన్ను లెక్కలోకి రాదని తేల్చేశాడు. అప్పటినుంచి ఆమె ముఖానికి తుండు చుట్టుకుని వెనక నిలబడేది. ఆమె బదులు భర్త ఔసేప్ కన్ను గీటేవాడు. అతని తెలివెంతంటే, మెత్తబడిన చేపనే ఏరి మరీ కొనేవాడు.

మూడు నెలల కిందట ఆపరేషన్ అయింది. చెవి వెనక కోసి, నరానికీ దాన్ని నొక్కుతున్న రక్తనాళానికీ మధ్య చిన్న మెత్త పెట్టారు. అదురు ఆగింది. సెరాఫీన మాత్రం కుదురుగా లేదు. కత్తి మీద, స్కూటర్ అద్దంలో, ఐసు కరిగిన నీళ్లలో చెంప చూసుకునేది. మళ్లీ మొదలైందా? ఇప్పుడా?

ఆ ఉదయం పడవలు వస్తుండగా ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. మా వైపు అక్కని చేచ్చీ అనీ, చిన్నపిల్లని మోళే అనీ పిలుస్తాం.

"చేచ్చీ, ఆపరేషన్ తర్వాత బతుకెలా ఉందో అడగమన్నారు. నిద్ర పడుతోందా?"

"ఆఁ."

"జనంలోకి వెళ్లాలంటే సిగ్గేస్తోందా? అసలు లేదంటే సున్నా, ఎప్పుడూ అంటే నాలుగు."

సెరాఫీన చూపు వేలంపాట వైపు పోయింది. "గంటాగి చెయ్యి మోళే. కనుక్కుని చెబుతా."

"మీ సిగ్గు సంగతి ఎవర్ని కనుక్కుంటారు చేచ్చీ?"

తుండు ఔసేప్ భుజాన పడేసి ఆమె ముందు వరసలోకి దూరింది. నేల మీద మొసలంత వంజరం. బర్నాబాస్ పాట అందుకున్నాడు. కుడి కన్ను ఉండగా, పట్టుబట్టి ఎడమదే గీటింది. అతని చూపు ఆమె మీదుగా జారిపోయింది. మళ్లీ గీటింది. అతను పాపం అన్నట్టు తల తిప్పుకున్నాడు.

"ఒరేయ్ బర్నాబాసూ! నీ కళ్లకేమొచ్చింది? పాడుతుంటే కనబడటంలా?"

"అయ్యో చేచ్చీ, నీ రోగమనుకున్నా!"

"రోగం ఆసుపత్రిలో వదిలేసొచ్చా. ఇది నేను గీటింది!"

"ఏదీ, మళ్లీ గీటు."

"ఊరికే గీటుతానేంట్రా? పాట పెంచు, గీటుతా."

"పెళ్లయిన ఇన్నేళ్లలో నాకొక్కసారి గీటలేదు," అన్నాడు ఔసేప్ వెనకనుంచి. రేవంతా పగలబడి నవ్వింది.

బర్నాబాస్ పాట పెంచాడు. ఆమె గీటింది. "సెరాఫీనకే!" అని అరిచి పాట ముగించాడు.

గంట తర్వాత నర్సు మళ్లీ చేసింది. "కనుక్కున్నారా?"

"సున్నా వేసుకో," అంటూనే సెరాఫీన కత్తి తిప్పి చెంప చూసుకుంది. "ఆగాగు. ఒకటి వెయ్యి. ఇంకా చూసుకుంటున్నాగా."

అన్నట్టు, మొసలంత వంజరం అన్నానా? అది వంజరం కాదు, గంపెడు కవళ్లు, జానెడైనా లేని చిల్లర చేపలు. అంగుళం పెంచలేదు, ఏకంగా చేపనే మార్చేశాను. ఏం చెయ్యను, ఆమె కన్ను గీటిన తీరుకు కవళ్లు చాలవనిపించింది.