ఇస్త్రీ బల్ల పక్కన

“పీల్చు. ఆ పీల్చడమేమిటి, కడుపు దాకా పోవాలి,” అన్నాడు ఇస్త్రీ అతను, పెట్టె మూత తెరిచి బొగ్గుల మీద విసురుతూ.

బళ్లు తెరిచే వారం. యూనిఫాంలు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి. ఉన్నది ఒకటే గది. ముందు సగంలో ఇస్త్రీ బల్ల, వెనక సగంలో కాపురం. బల్ల పక్కన స్టూలు మీద అతని భార్య నడుము నిటారుగా పెట్టి కూర్చుని, ముక్కుతో గాలి తీసుకుని, మూతి సున్నాలా చుట్టి మెల్లగా వదులుతోంది. కాసేపటికే దగ్గు తెరలు తెరలుగా వచ్చి మధ్యలోనే ఆపేసింది.

“చూశావా, సగంలో ఆపేస్తావు. ఇంకెక్కడ తగ్గుతుంది?”

మంచి మొగుడే, ఆ మాట ఒప్పుకోవాలి. బీడీ ముట్టని ఆడదానికి ఊపిరితిత్తుల జబ్బేమిటని ముందు ఆస్పత్రివాళ్లతోనే వాదించాడు. అది పూర్తిగా పోయేది కాదనీ, మందులతో పాటు బతికే తీరు కూడా మార్చుకోవాలనీ వాళ్లు చెప్పాక మాత్రం ఒక్క ముక్క పొల్లుపోకుండా కంఠతా పట్టాడు. పొద్దున్నే దగ్గరుండి నడిపించాడు. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా తినిపించాడు. తనకు లేకపోయినా ఆమెకు గుడ్డు పెట్టాడు. దిగులు పడకూడదన్నారని, దిగులు పడితే కసిరాడు. ఒక్క ఊపిరి వ్యాయామం దగ్గరే ఆమె మీద నమ్మకం లేదు. కళ్లముందు లేకపోతే ఎగ్గొడుతుందని, పని చేసుకుంటూనే కనిపెట్టి ఉండేలా తన బల్ల పక్కనే స్టూలు వేశాడు. ఓ రోజు ఆమె ఆ స్టూలు గుమ్మంలోకి లాక్కుంది. దొంగవేషాలు నా దగ్గరా అని నవ్వి, మళ్లీ నిప్పుల పక్కకు జరిపాడు.

చెల్లెలింటికి వెళ్లి కొన్నాళ్లు ఉంటే ఆమె తేరుకునేది. మెట్లు కూడా ఎక్కేదట. తిరిగొచ్చిన వారానికల్లా గుండెల్లో పిల్లికూతలు మళ్లీ మొదలు. అక్కడైతే ఒళ్లొంచి చేస్తావు, ఇక్కడైతే గారాలు పోతావు అని దెప్పేవాడు. ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుని మళ్లీ పీల్చడం మొదలుపెట్టేది.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రికి రమ్మన్నారు. మూటలన్నీ అలాగే వదిలేసి తీసుకెళ్లాడు. వ్యాయామం నేర్పే అమ్మాయి ఆమె చేత గొట్టంలోకి ఊదించి, పోయినసారి కంటే ఊపిరి తగ్గిందని నొచ్చుకుంది. ఇంట్లో రోజూ చేస్తున్నారా అని అడిగింది.

భార్య నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. “మీరు చెప్పినట్టే తల్లీ. దీన్ని నమ్మకూడదని నా పక్కనే కూర్చోబెట్టుకుని చేయిస్తాను. పెట్టె నా చేతిలో ఉన్నా, కన్ను దీని మీదే.”

“ఏ పెట్టె?”

“ఇస్త్రీ పెట్టెమ్మా.”

“కరెంటుదా?”

“బొగ్గులది. కరెంటుదైతే ఇంటివాళ్లు ఒప్పుకోరు.”

ఆ అమ్మాయి చేతిలో గొట్టం పక్కన పెట్టేసింది. బొగ్గులు ఎక్కడ రాజేస్తారని అడిగింది. గదిలోనే అన్నాడు. అప్పటికే అతని గొంతులో ధీమా సడలింది. ఆ అమ్మాయి కోప్పడలేదు. నడకా, తిండీ, వ్యాయామం అన్నీ మంచివేననీ, గాలి బాగున్నచోటే అవి పనిచేస్తాయనీ, నిప్పుల పక్కన అంత లోతుగా పీలిస్తే పొగే కదా లోతుకు పోయేదనీ చెప్పింది. ఇంతకాలం తామూ ఈ మాట అడగలేదని ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

“ఆయన నా మంచికే చేయిస్తున్నారమ్మా,” అంది భార్య.

బయట వరండాలోకి వచ్చాక అతను ఆగిపోయాడు.

“నీకు తెలుసా?”

“చెల్లెలింట్లో ఆడే ఊపిరి ఇక్కడ ఆడకపోతే, తెలియదా?”

“మరి చెప్పొచ్చుగా.”

“చెబితే బల్ల ఎక్కడ పెడతావు?”

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. దగ్గిన ప్రతిసారీ ఇంకా పీల్చమన్నది తనే. పగవాడు కూడా అలా పక్కన కూర్చోబెట్టుకుని చేయించడు. దారి పొడుగునా ఆమె వెనకే నడిచాడు గానీ పక్కకు రాలేకపోయాడు.

ఇంటికి చేరగానే బల్లను ఈడ్చుకొచ్చి ఉమ్మడి వాకిట్లో వేశాడు. బొగ్గులు అక్కడే రాజేశాడు. వాకిట్లో పొగ పెట్టకూడదన్నది వాళ్లు ఆ గదిలో దిగిననాటి షరతు. మేడమీద ఉండే ఇంటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. చెడ్డమనిషేమీ కాదు, గోడలంటే ప్రాణం.

“ఇదేమిటి కొత్తగా? లోపల పెట్టుకో. రంగులు వేయించి ఎన్నాళ్లయిందని?”

ఇన్నేళ్లుగా ఆవిడ ఏమన్నా అలాగేనమ్మగారూ అనడమే అతనికి అలవాటు. ఆ మాటే నోటిదాకా వచ్చింది.

“పెట్టనండి,” అన్నాడు.

“ఏమన్నావ్?”

“లోపల పెట్టనండి. లోపల మనిషుంది.”

అయితే వేరే గది చూసుకోమని చెప్పి ఆవిడ కిటికీ రెక్కలు ధడాలున మూసింది. అతను ఒక చొక్కా తీసి బల్ల మీద పరిచాడు. కాలరు ముడత పడింది. అంతలో గాలి మళ్లింది. మేడ వైపు పోతున్న పొగంతా తిరిగి తన గుమ్మం దారి పట్టింది. బల్లను ఎటైనా జరుపుదామంటే వాకిలి ఉన్నదే అంత. భార్యను పిలవబోయాడు. ఏమని పిలవాలో తెలియలేదు.

ఆమే లేచి గుమ్మం దాకా వచ్చింది. అతని వంక చూడకుండా లోపలినుంచి తలుపు వేసుకుని గడియ పెట్టుకుంది. వెనక సందులోకి ఉన్న కిటికీ తెరిచిన చప్పుడు వినిపించింది.

మంచిపనే చేసింది అనుకున్నాడు. తలుపు కింద బెత్తెడు ఖాళీ ఉంది. పొగ అందులోంచి లోపలికి పోతోంది. అతను పెట్టె దించి, భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టి, గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ ఖాళీలో కుక్కడం మొదలుపెట్టాడు.