రసూల్‌బీని మోసిన బండి

శవాన్ని మోసిన బండి మళ్ళీ మునుపటిలా లాగదని ప్రత్తిపాడు చుట్టుపక్కల ఒక నమ్మకం. ఎక్కిన మనిషిని దింపినా బరువు దిగదంటారు. సొంత బండికి పికప్ తగ్గేదాకా బాపయ్య ఆ మాటను పదిమందిలో కొట్టిపారేసినవాడే.

2004 మిరప కోతల్లో ఎదురింటి నాగూర్ వలి తల్లి రసూల్‌బీ గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. చిన్నప్పుడు తల్లి పొలానికి పోతే బాపయ్యకు అన్నం పెట్టింది ఆవిడే. అందుకే ఎవరూ అడగకముందే బండి తీశాడు. ఇంటిల్లిపాదీ కూర్చునే పెద్ద డీజిలు బండి, కొని ఏడాది కాలేదు. మర్నాటి నుంచే దానికి ఊపిరాడనట్టయింది. యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా వేగం అందుకునేది కాదు, వెనక నల్లటి పొగ. పెదకాకాని గుడిలో పూజ చేయించాడు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. మెకానిక్‌కు మాత్రం చూపించలేదు. కారణం తెలిశాక మెకానిక్ ఎందుకు? ఆ కారణాన్నే ఒకనాడు ప్రేమదాసు టీకొట్టు దగ్గర పైకి అన్నాడు. పొద్దుగూకేలోగా ఆ మాట ఎదురింటికి చేరింది.

వలి రాకపోకలు మానుకున్నాడు. కొన్నాళ్ళకు వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడే అన్నాడు.

"అన్నా, మా అమ్మ బతికినన్నాళ్ళూ ఎవరికీ బరువు కాలేదు. చచ్చాక అయిందంటున్నావు. బండి తియ్యి, తేల్చుకుందాం. నీ మాటే నిజమైతే ఊరందరి ముందూ నేనే ఒప్పుకుంటా."

బంకులో నాలుగు చక్రాలకూ గాలి సరిచూసుకుని కాలువ గట్టుకు వెళ్ళారు. వినోదం చూద్దామని ప్రేమదాసు కూడా ఎక్కాడు. మిర్చి యార్డుకు పోవలసిన టిక్కీలు, మిరపకాయలు కుక్కిన గోనెబస్తాలు, పైన క్యారియర్ మీదే ఉన్నాయి, లోపల ఏసీ నడుస్తోంది. ఎక్కుడులో బండి మూడో గేరు నుంచి రెండుకూ, రెండు నుంచి ఒకటికీ దిగి, పొగ కక్కుతూ గట్టెక్కింది. టిక్కీలు దింపించి బండిని మళ్ళీ గట్టెక్కించమన్నాడు వలి. కొంచెం నయం. ఏసీ ఆపించాడు. ఇంకొంచెం నయం. పొగ మాత్రం అలాగే ఉంది, మూడో గేరు నిలవలేదు.

"దిగమని మీ అమ్మకు నువ్వే చెప్పరాదటయ్యా వలీ," అన్నాడు ప్రేమదాసు.

బాపయ్యకు నవ్వొచ్చింది. నవ్వాడు.

వలి తల తిప్పుకుని, ఇంజనుకు గాలి ఎటునుంచి పోతుందో చూపించమన్నాడు. అదెంత పని అన్నట్టు బాపయ్య బానెట్ ఎత్తి, ఇంజను దగ్గర మొదలుపెట్టి గొట్టం వెంట వేలు పోనిచ్చాడు. ఫిల్టరు డబ్బా దాటాడు. ముందు దీపం వెనక గొట్టం నోటి దగ్గర వేలికి గోనెగుడ్డ తగిలింది.

అది ఎవరు కుక్కారో అతనికి తెలుసు. ఆ రోజు శవంతో వస్తూ మిర్చి యార్డు దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయారు. ఘాటుకు వలి చెల్లెలు షిరీన్, తల్లి తలను ఒళ్ళో పెట్టుకుని ఏడవనూ లేక, దగ్గు ఆపుకోనూ లేక అల్లాడింది. బండి లోపలికి గాలి వచ్చే గొట్టం అదే అనుకుని, చిరిగిన టిక్కీ గుడ్డ ముక్క అందులో కూరాడు బాపయ్య. యార్డు చుట్టూ తిరిగే బండికి కోతల కాలమంతా అది ఉండటమే మంచిదని వదిలేశాడు.

బానెట్ దించేద్దామా అనిపించింది. చెయ్యి బానెట్ మీదికి పోయింది కూడా.

"ఏందన్నా అది?" అన్నాడు వలి.

బాపయ్య గుడ్డ బయటికి లాగాడు. మసి, ఎర్రటి మిరప ధూళి, దూది పీచు దానికి అంటుకుని ఉన్నాయి.

"నేనేరా పెట్టింది. మీ అమ్మను తెచ్చిన రోజు. షిరీన్ దగ్గుతోందని."

వలి ఆ గుడ్డ అందుకున్నాడు.

"అంటే మా అమ్మ ఎప్పుడో దిగింది."

నవ్విన నోరు తనదేనని బాపయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ప్రేమదాసు కాలువలో నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు.

టిక్కీలు మళ్ళీ పైకెత్తించమన్నాడు వలి. ఏసీ వెయ్యమన్నాడు. గుడ్డ మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు.

బండి మూడో గేరులోనే గట్టెక్కింది. పొగ రాలేదు. వలి ఇంటికి నడిచి వెళ్ళాడు.