పన్నెండు చుక్కలు

“మోకాలి ఆపరేషన్‌కి తారీఖిస్తే మళ్ళీ వద్దన్నావా?” ఎగోన్ వెన్న రాస్తున్న కత్తిని బల్ల మీద పడేశాడు. వారం నుంచీ నడుస్తున్న గొడవే.

“మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే వెన్నునీరు ఎవరు తెస్తారు?” అంది బోదిల్.

“ఆసుపత్రి గోడలో గాలి గొట్టం ఉందిగా. సీసా అందులో వేస్తే రివ్వున కిందికొస్తుంది.”

“రక్తమైతే వేస్తాను. పసిపిల్ల వెన్నులోంచి తీసింది వెయ్యను.”

“నువ్వు చేరకముందు ఆ ఆసుపత్రిలో జబ్బులే లేవా అమ్మా?” ఎదురింటి నుంచి కాఫీకి వచ్చిన కూతురు సిగ్నె నవ్వింది. బోదిల్ సైకిల్ తాళంచెవి తీసుకుని బయల్దేరింది.

పొట్టి మనిషి. నెరిసిన జడ, వెడల్పాటి అరచేతులు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పిల్లల వార్డు ఫోన్ చేస్తే నాలుగో అంతస్తుకు వెళ్ళి, చిన్న సీసాను గుప్పిట్లో పట్టుకుని కింద ప్రయోగశాలకు తెస్తుంది. లాక్టిక్ ఆమ్లం కొలుస్తుంది. అంకె పెరిగితే మెదడు పొరలకు బాక్టీరియా పట్టిందని భయం. పెరగకపోతే డాక్టర్లు కాస్త ఊపిరి తీసుకుంటారు. లిఫ్ట్ మాత్రం ఎక్కదు. ఒకసారి సీసాతో సహా ఇరవై నిమిషాలు అందులో ఇరుక్కుపోయింది.

ఆ రోజు ఐదు వారాల పాపది. సీసా అడుగున పన్నెండు చుక్కలు. మూడో అంతస్తు మలుపులో మోకాలు కలుక్కుమంది. సీసాను కిటికీ గట్టు మీద పెట్టి రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. నొప్పి తగ్గాక ఒక్కో మెట్టే దిగింది.

“ఏదీ?” ప్రయోగశాల పెద్ద లోనె చెయ్యి చాపింది.

బోదిల్ గుప్పిట విప్పి చూసుకుంది. ఖాళీ.

మళ్ళీ ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. సీసా గట్టు మీదే, ఎండలో ఉంది. తొమ్మిది నిమిషాలు.

కొలిస్తే ఒకటి పాయింట్ ఎనిమిది. తక్కువే. వార్డుకు ఫోన్ చేసి అంకె చెప్పింది, ఎండలో ఉన్న తొమ్మిది నిమిషాల సంగతీ చెప్పింది. తప్పుల పుస్తకంలో తనే రాసింది.

“ఎండకు అంకె పెరుగుతుందే గానీ తగ్గదు కదా. పాపకు భయం లేదు. ఎందుకే ఆ మొహం?” అంది లోనె.

“పెరిగుంటే? అది పాపదో ఎండదో ఎవరు చెప్పేవాళ్ళు?”



సాయంత్రం సిగ్నె కూడా భోజనానికి వచ్చింది. వేయించిన చేప, ఉడికించిన బంగాళాదుంపలు. బోదిల్ గిన్నెను భర్త వైపు జరిపింది.

“నాకు ఆరు వారాల సెలవు మిగిలుంది. దాంతో సరిపెట్టి ఉద్యోగం మానేస్తున్నాను. లోనెకు చెప్పేశాను. రేపట్నుంచి వెళ్ళను. నువ్వు ఫోన్ చేసి ఆపరేషన్ తారీఖడుగు.”

వారం నుంచి పోట్లాడిన ఎగోన్ ఒక్కసారిగా నీరుగారిపోయాడు. “అంత తొందరేం లేదు బోదిల్. నేనేదో ఊరికే...”

“చేప చల్లారిపోతోంది, తిను,” అంది. సిగ్నె తల్లి చేతి మీద చెయ్యి వేసింది.

ప్రయోగశాలలో యంత్రం బల్ల కింద ఆమె తెల్ల చెప్పులు ఉండిపోయాయి, కుడిదాని మడమ ఒకవైపుగా అరిగి.